ఉప్పునీళ్లు, మంచినీళ్లు

కజీజా అక్క బడి మొహం చూడలేదు. ఖురాను చదవడానికి నేర్చుకున్న అక్షరాలు తప్ప ఆమెకు మరే అక్షరమూ రాదు. అయినా మా ఊరి బడిలో ఆరో తరగతి పిల్లలకు ఏటా ఒక పూట పాఠం చెప్పింది ఆమే. గదిలో కాదు, ఒడ్డున. నీళ్లు బాగా వెనక్కి తీసిన రోజు చూసి, పిల్లల్ని వెంటేసుకుని మడచెట్ల దాకా నడిపించి, జెల్లీచేపలు ఎలా పుడతాయో, ఏం తిని బతుకుతాయో, వాటిని తిని బతికేవెవరో చూపించేది. నిరుడు పెద్ద వానల్లో ఆమె పోయింది. ఈ ఏడు మాస్టారు ఆ పాఠం నన్ను చెప్పమన్నాడు. చెప్పాను, తడబడుతూనే. కానీ పాఠం కంటే ముందు చెప్పాల్సింది ఆమె సంగతి అని నాకు అనిపించింది. ముప్పై ఏళ్లు ఆమె తాళ్ల పక్కనే నా తాళ్లు. ఆమె సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఉంగూజా దీవికి తూర్పు వైపు మా ఊరు. పగడపు దిబ్బకు లోపలి పక్కన, నీళ్లు తీస్తే మైలు దూరం ఇసుక బయటపడుతుంది. ఆ ఇసుకే మా ఆడవాళ్ల పొలం. కర్రమేకులు పాతి, మేకుకూ మేకుకూ మధ్య తాడు లాగి, ఆ తాడుకు జానెడు జానెడు దూరంలో సముద్రపు నాచు ముక్కలు కడతాం. పోటు వస్తే నాచు మునుగుతుంది, ఆటు వస్తే మేము దిగుతాం. కజీజా అక్క పక్క ఊరి పిల్ల. మచానోను చేసుకుని మా ఊరు వచ్చింది. పొడుగ్గా ఉండేది. నీళ్లలో కూడా ఆమె అంగలు చూసి మేము పరుగెత్తాల్సి వచ్చేది. ముడి వేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. నా ముళ్లు చూసి, మేకను కట్టేశావా నాచును కట్టావా అని ఎగతాళి చేసేది.

మచానో తల్లి కిడావా నోరు గట్టి మనిషి. కోడలు కూర వండితే ఉప్పు ఎక్కువయిందనేది, తక్కువయిందని కూడా అదే పూట అనేది. కజీజా అక్క ఊరుకునేది కాదు. సముద్రం అంతా మీ ఇంట్లోనే ఉంటే ఉప్పు వేరే వెయ్యడం ఎందుకు అని తిరిగి అనేది. ఇద్దరూ అలా అనుకుంటూనే ఒకే పళ్లెంలో తినేవారు. ఇద్దరికీ ప్రాణం రాయా మీద. కజీజా అక్కకు రెండు కాన్పులు పోయాక పుట్టిన పిల్ల. ఏడేళ్లది. అప్పుడే ముందు పళ్లు రెండూ ఊడాయి. ఎప్పుడు చూసినా తడి బట్టలతోనే ఉండేది.

ఆ రోజు పౌర్ణమి తెల్లారి. ఉత్తరపు గాలి కాలం, ఎండ మండిపోతోంది. గుంటల్లో మిగిలిన నీళ్లు కాళ్లకు వేడిగా తగులుతున్నాయి. బడికి సెలవు కాబట్టి రాయా తల్లితో వచ్చింది. కిడావా పెద్దమ్మ కూడా మా వెనకాలే గుల్లలు ఏరుకోవడానికి వచ్చింది. ఆమె దగ్గర రెండు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి, రెండూ పసుపుపచ్చవే. ఒక దాంట్లో సముద్రపు నీళ్లు పోసి ఏరిన గుల్లలు వేసేది. రెండో దాంట్లో అందరికీ తాగడానికి మంచినీళ్లు. ఆ మంచినీళ్లు పొద్దున బావి దగ్గర నింపింది నేనే.

పోటు మొదలయ్యింది. నీళ్లు మోకాలు దాటాయి. ఇంకో తాడు కట్టేసి వెళ్దామనుకుంటున్నాం. అప్పుడు రాయా కేక వినబడింది. ఒకటే కేక. కజీజా అక్క నాచు బుట్ట వదిలేసి పరుగెత్తి పిల్లను ఎత్తి ఎదకు అదుముకుని ఒడ్డు వైపు ఉరికింది. మెట్ట ఇసుక మీద పడుకోబెట్టేసరికి పిల్ల తొడల నుంచి పొట్ట మీదుగా జెల్లీచేప సన్నటి తీగలు చుట్టుకుని ఉన్నాయి. గాజు దారాల్లాంటివి. వాటి కింద చర్మం మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి వాతలు తేలాయి.

మా పెద్దవాళ్లు ఏం చేసేవారో కజీజా అక్క అదే చేసింది. తడి ఇసుక తీసుకుని వాతల మీద గట్టిగా రుద్దింది. ఇంతలో కిడావా పెద్దమ్మ డబ్బా పట్టుకుని పడుతూ లేస్తూ వచ్చి, పిల్ల ఒంటి మీద నీళ్లన్నీ కుమ్మరించింది. మంచినీళ్లు. నా కళ్లతో చూశాను. రాయా ఒక్కసారి విల్లులా వంగింది. ఆ తర్వాత అరవలేదు. ఎవరో బండి కోసం ఊళ్లోకి పరుగెత్తారు. బండి వచ్చేలోపే అయిపోయింది.

మధ్యాహ్నం మచానో పడవ ఒడ్డుకు వచ్చింది. ఒడ్డున గుంపు చూసి, పెద్ద చేప పడిందేమో అనుకున్నాడట. సాయంత్రపు నమాజు తర్వాత పిల్లను మట్టిలో పెట్టారు.

సముద్రపు దెయ్యం పట్టిందని కొందరన్నారు. కిడావా పెద్దమ్మ మాత్రం కోడలినే అంది. నలభై రోజులు పోయాక మొదలుపెట్టింది, ఆపలేదు. పిల్లను నీళ్లకు తీసుకెళ్లొద్దని తాను ముందే చెప్పానని, కోడలు వినలేదని, నాచు మీద ఆశ పిల్ల మీద లేకపోయిందని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ముందే చెప్పినట్టు నాకైతే గుర్తు లేదు. ఆమె కూడా ఆ రోజు మాతో నవ్వుతూ వచ్చిందే. కానీ దుఃఖంలో ఉన్న మనిషి ఎక్కడో ఒకచోట చెయ్యి పెట్టి ఆనుకోవాలి కదా. కజీజా అక్క, అంతకుముందు మాటకు మాట అనే మనిషి, తల వంచుకుని వింటూ ఉండేది.

మచానో తిట్టేవాడు కాదు, మాట్లాడేవాడూ కాదు. గాలి మారగానే చేపల కోసం పెంబా దీవికి వెళ్లాడు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లాడు, తిరిగి రాలేదు. అక్కడే ఇంకో పెళ్లి చేసుకున్నాడనీ, కజీజాకు తలాక్ చెప్పాడనీ పినతండ్రి కొడుకుతో కబురు పంపాడు. ఆమె పుట్టింటికి వెళ్లిపోతుందని ఊరంతా అనుకుంది. మూట కూడా కట్టింది. నేను సాగనంపడానికి వెళ్లాను. కిడావా పెద్దమ్మ గడప మీద కూర్చుని ఉంది.

“వెళ్తే వెళ్లు, నేనేం ఆపను. పొయ్యి మీద పెండలం ఉడుకుతోంది, తిని వెళ్లు,” అంది.

కజీజా అక్క మూట పక్కన పెట్టి కూర్చుంది. ఇద్దరూ కొబ్బరిపాలలో ఉడికిన కర్రపెండలం తిన్నారు. తిన్నాక ఆమె పళ్లెం కడిగి, మూట విప్పి, బట్టలు మళ్లీ పెట్టెలో పెట్టింది. మరునాడు పొద్దున్నే కిడావా పెద్దమ్మ దెప్పడం మళ్లీ మొదలుపెట్టింది. కోడలు కాని కోడలు, అత్త కాని అత్త. అలాగే గడిచిపోయింది.

రాయా పోయిన మూడో ఏడు ఉపెండో అనే అమ్మాయి మా ఊరు వచ్చింది. అవతలి ఒడ్డు పిల్ల, పట్నంలో సముద్రం చదువు చదువుతోంది. ఈ మధ్య జెల్లీచేపలు ఎందుకు పెరుగుతున్నాయో చూడడానికి వచ్చానంది. కజీజా అక్క ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంటే అందులో దిగింది. గది నిండా గాజు సీసాలు పెట్టింది. మొదటి నెల కజీజా అక్క ఆ గది గుమ్మం తొక్కలేదు. అన్నం కూడా గుమ్మం బయటే పెట్టేది. ఒకరోజు మాత్రం, నేను అక్కడే ఉన్నాను, గుమ్మంలో నిలబడి అడిగింది: “ఇవి ఎక్కణ్ణుంచి వస్తాయి?”

ఆ ఒక్క ప్రశ్న ఆమెలో మూడేళ్లుగా ఉందని నాకు అప్పుడు తెలిసింది. అందరూ ఎందుకు జరిగిందని అడిగారు. ఆమెకు మాత్రం అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కావాలి.

ఉపెండో ఒక ఆల్చిప్ప తీసి చూపించింది. చిప్ప కింది వైపు తెల్లటి చుక్కలు, బియ్యపు నూకంతవి. అవీ జెల్లీచేపలేనంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కొన్నాళ్లు నీళ్లలో తిరిగి, గట్టి చోటు చూసుకుని అతుక్కుంటుందట. రాయి అడుగున, చిప్ప కింద, పడవ కర్రకు, మేము పాతిన మేకులకు కూడా. అక్కడ చిన్న బుడిపెలా ఉండి, పైకి నోరు తెరుచుకుని, నీళ్లలో కొట్టుకొచ్చే కంటికి కనబడని పురుగుల్ని తింటుంది. నెలలు ఉంటుంది, ఒక్కోసారి ఏళ్లు. అదును వచ్చినప్పుడు ఆ బుడిపె ఒంటి మీద అడ్డగీతలు పడి, పళ్లేలు దొంతర పెట్టినట్టు అవుతుంది. పై పళ్లెం ముందు విడిపోయి ఈదుకుంటూ పోతుంది. తర్వాత దాని కిందది. అవే పెరిగి గొడుగంత జెల్లీచేపలవుతాయి. అన్నీ ఒక్కసారి విడిపోతే సముద్రం నిండిపోతుంది. నీళ్లు వేడెక్కినా, వాటిని తినే తాబేళ్లు, చేపలు తగ్గినా అవి ఇంకా పెరుగుతాయి.

కజీజా అక్క లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది. ఆ రోజు నుంచి రోజూ వచ్చి కూర్చునేది. నెల తిరక్కుండా ఉపెండో కంటే ముందు ఆమే సీసాల్లో నీళ్లు మార్చేది. ఒడ్డున ఏది ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలుసు కాబట్టి, ఆమె చూపించకపోతే ఆ పిల్ల చదువు సాగేది కాదు.

జెల్లీచేప ఒంట్లో ఎముక లేదని, రక్తం లేదని, గుండె లేదని ఉపెండో చెప్పింది. నూటికి తొంభై అయిదు పాళ్లు నీళ్లే. గొడుగు ముడుచుకున్నప్పుడు నీళ్లు వెనక్కి పోతాయి, అది ముందుకు పోతుంది. తినే నోరూ, విసర్జించే దారీ ఒకటే. మనుషులు పుట్టక ముందు, చెట్లు పుట్టక ముందు, ఎముకలున్న చేపలు పుట్టక ముందు కూడా అవి ఇలాగే ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఈదాయి. కజీజా అక్క అన్నీ విని, పెట్టెలా నాలుగు మూలలున్న జాతి ఏదైనా ఉందా అని అడిగింది. ఆ రోజు రాయా పక్క నీళ్లలో అలాంటిదే తేలుతూ కనబడిందని ఆమె మాతో ఎప్పుడూ అనేది.

ఉంది అంది ఉపెండో. దానికి ఇరవై నాలుగు కళ్లున్నాయని కూడా చెప్పింది.

“కళ్లుంటే చూసి తప్పుకోవచ్చు కదే,” అంది కజీజా అక్క.

“రాయి అడ్డమొస్తే తప్పుకుంటుందక్కా. కానీ దాని తీగలు దానికి బారెడు వెనకాల ఉంటాయి. అవి ఎవరికి తగిలాయో దానికి తెలీదు.”

ఆ మాట ఆమె చాలాసేపు మనసులో తిప్పుకున్నట్టుంది. దానికి మన మీద కోపం లేదన్నమాట అంది చివరికి.

వారం తర్వాత మడచెట్ల దగ్గర అలాంటి పెట్టె జాతిది ఒకటి, బొటనవేలంతది, ఆమే పట్టుకొచ్చింది. ఉపెండో దాని తీగ చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. నన్ను కూడా పిలిచారు. అద్దంలోంచి చూస్తే తీగ నిండా చిన్న చిన్న గుళికలు. ఒక్కో గుళికలో చుట్టచుట్టి పెట్టిన విషపు దారం ఉంటుందట, బాణంలా. తగలగానే దారం బయటికి పేలి చర్మంలో దిగుతుంది. ఒక్క తీగలో అవి లక్షల్లో ఉంటాయి. జెల్లీచేప చచ్చి ఒడ్డున ఎండినా, తీగ తెగి విడిగా పడినా, అవి పేలగలవు. ఇప్పుడు ముక్క సముద్రపు నీళ్లలో ఉంది కాబట్టి గుళికలు నెమ్మదిగా ఉన్నాయంది ఉపెండో. చుక్క మంచినీళ్లు వేస్తాను, చూడక్కా అంది.

కజీజా అక్క కన్ను అద్దం మీదే ఉంది. ఉపెండో చుక్క వేసింది. అక్క కన్ను అద్దానికి ఇంకా దగ్గరగా ఆనించింది. కాసేపటికి, మళ్లీ వెయ్యి అంది. ఉపెండో ఇంకో ముక్క పెట్టి మళ్లీ వేసింది. తర్వాత నేను చూశాను. గుళికలన్నీ ఒకేసారి పేలి, వెంట్రుకల్లాంటి దారాలు నాలుగు దిక్కులా పొడుచుకొచ్చాయి.

“ఇసుకతో రుద్దితే?” అని అడిగింది కజీజా అక్క.

రుద్దినా అంతేనని, నొక్కుడుకు ఇంకా పేలతాయని ఉపెండో చెప్పింది. ఈ జాతి కుడితే వెనిగర్ పోయాలట, పోస్తే మిగిలిన గుళికలు పేలకుండా ఆగిపోతాయట. వేరే జాతులకు వేరే మందులట. చెబుతూ చెబుతూ ఆ పిల్ల మా మొహాలు చూసి ఆగిపోయింది. రాయా సంగతి ఆమెకు ఊళ్లో ఎవరో చెప్పే ఉంటారు. నీళ్ల సంగతి తెలియదు. తెలియకపోయినా అర్థమైంది. అంత పెద్ద కాటుకు ఏం చేసినా పిల్ల దక్కేదో లేదో ఎవరూ చెప్పలేరని, అప్పటికే ఒంట్లోకి దిగిన విషాన్ని వెనిగర్ కూడా తియ్యలేదని గబగబా అంది. కజీజా అక్క తల ఊపింది. పెరట్లో కిడావా పెద్దమ్మ కొబ్బరి తురుముతున్న చప్పుడు వినబడుతోంది.

“ఈ మాట అత్త ముందు ఎత్తకు,” అని మాత్రం ఉపెండోతో అంది.

నీళ్ల కుండ చంకనెత్తుకుని బావి దారి పట్టింది. నేను వెనకే వెళ్లాను. బావి దగ్గర ఎవరూ లేరు. తోడుతూ, నా వైపు చూడకుండా అంది: “రుద్దింది నేను. పోసింది కూడా నేనే. నువ్వు అంతవరకే గుర్తుపెట్టుకో సిహాబా.”

“డబ్బా నింపింది నేనక్కా,” అన్నాను.

“నువ్వు నింపింది తాగడానికి.”

ఆ సాయంత్రం కిడావా పెద్దమ్మ, నాచు మీద ఆశతో పిల్లను మింగేసిందని పొరుగింటి ఆమెతో చెబుతోంది. కజీజా అక్క అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఒక్క మాట అంటే చాలు, ఆ నోరు శాశ్వతంగా మూతపడేది. ఆమె రాళ్లు ఏరుతూనే ఉంది.

ఉపెండో వెళ్లిపోయాక కజీజా అక్క నాచు బుట్టలో వెనిగర్ సీసా ఒకటి చేరింది. ఒడ్డున పిల్లలు కనబడితే నిలబెట్టి చెప్పేది. తీగలు ముట్టుకోవద్దు, ఇసుకతో రుద్దొద్దు, ఇదిగో ఈ సీసా పోసి ఆస్పత్రికి పరుగెత్తండి అని. మంచినీళ్ల మాట మాత్రం చెప్పేది కాదు. పిల్లల నోట్లో మాట నిలవదు, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

రెండేళ్ల తర్వాత పై వాడలో జూమా అనే జాలరి కొడుక్కి జెల్లీచేప కుట్టింది. పదేళ్ల పిల్లాడు. తండ్రి పడవలో ఉన్న తాగే నీళ్లు తీసి వాడి చేతి మీద పోశాడు. వాడు బతికాడు, చిన్న కాటే. కానీ ఇరవై రోజులు జ్వరంతో మూలిగాడు, చెయ్యి సరిగ్గా మడవడం రాలేదు. కజీజా అక్క వాణ్ణి చూసి వచ్చింది. మా ఇంటి అరుగు మీద కూర్చుని, “ఒక ముసలిదాని కోసం ఊరి పిల్లల్ని పణంగా పెట్టాను సిహాబా. ఇంక లాభం లేదు,” అంది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. రాయా పోయినప్పుడు కూడా ఏడ్చిందేమో, నేను చూడలేదు.

ఆ మరుసటి వారమే బడికి వెళ్లి మాస్టారును అడిగింది, పిల్లల్ని ఒక పూట తనకు ఇవ్వమని. పాఠం అలా మొదలయ్యింది. మడచెట్ల నీడలో వెల్లకిలా పడుకుని ఉండే జెల్లీచేపల్ని ముందు చూపించేది. అవి కాళ్లు పైకి పెట్టి నిద్రపోతున్నట్టుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనబడనంత సన్నటి నాచు కాపురముంటుంది. దానికి ఎండ తగలాలని అవి అలా తిరగబడి పడుకుంటాయి, ఎండలో అది వండిన తిండిలో వాటికీ వాటా దొరుకుతుంది. తర్వాత ఒంటి మధ్యలో నాలుగు ఉంగరాలున్న తెల్లటి జాతి. దాని గొడుగు కింద, విషపు తీగల మధ్యే దాక్కుని తిరిగే చిన్న చేపపిల్లలు. జెల్లీచేప అనుకుని ప్లాస్టిక్ సంచి మింగి చచ్చిన తాబేలు డొప్ప ఒకటి ఆమె దాచి ఉంచింది, అది చూపించి సంచులు ఒడ్డున పారెయ్యొద్దనేది. మా భాషలో జెల్లీచేపను కొన్యేజా అంటాం. కన్ను గీటడానికీ అదే మాట. నీళ్లలో అది ముడుచుకుని విచ్చుకోవడం చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుందని చెప్పి, కన్ను గీటి పిల్లల్ని నవ్వించేది. ఒకసారి ఒక పిల్ల, గుండె లేకపోతే ఎలా బతుకుతుంది బామ్మా అని అడిగింది. బతకొచ్చులేవే, ఉంటేనే కష్టం అంది. పిల్లలు నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు.

చివర్లో కుడితే ఏం చెయ్యాలో చెప్పేది. అన్నీ చెప్పేది. కడగాలంటే సముద్రపు నీళ్లతోనే కడగండి, మంచినీళ్లు చుక్క కూడా పొయ్యొద్దు అని ప్రతి పిల్ల చేతా ముమ్మారు అనిపించేది.

ఆ మాట కిడావా పెద్దమ్మ చెవిన ఎప్పుడు పడిందో మాకు తెలియదు. పక్కింటి పిల్లలు ఆటలో జెల్లీచేప కుట్టినట్టు, ఆస్పత్రికి మోసుకెళ్లినట్టు ఆడుకునేవారు. అప్పుడే విని ఉంటుంది. మాకు తెలిసిందల్లా ఒక్కటే. ఒకరోజు నుంచి ఆమె దెప్పడం మానేసింది. ఉప్పు ఎక్కువైందని కూడా అనడం మానేసింది. అంత గట్టి నోరు అలా ఆగిపోతే ఇల్లు బావురుమన్నట్టుందని కజీజా అక్క భయపడింది. “నన్ను తిట్టమనవే. నువ్వొచ్చి ఏదో ఒకటి అని రెచ్చగొట్టు,” అని నన్ను బతిమాలింది. నేను వెళ్లి, పెద్దమ్మా నీ కోడలు ఇవాళ పులుసు మాడ్చింది అన్నాను. ముసలామె తల ఊపి ఊరుకుంది.

ఆ ఏడాది రంజాను పోయాక ఆమె మంచం పట్టింది. తినడం తగ్గించింది. ఒక ఉదయం కజీజా అక్క నన్ను పిలిపించింది, ఒళ్లు తుడవడానికి ఇంకో చెయ్యి కావాలని. ఇద్దరం కలిసి తుడిచి, బట్ట మార్చి, దిండు సర్దాం. కిడావా పెద్దమ్మ కళ్లు తెరిచి కోడలి వైపు చూసింది.

“ఆ రోజు డబ్బా తెచ్చింది నేను,” అంది. “మంచినీళ్లు పొయ్యకూడదని పిల్లలు పాట పాడుతున్నారు. నీకు తెలుసా ఈ సంగతి?”

కజీజా అక్క చేతిలో తడిబట్ట ఉంది. దాన్ని మడిచి పక్కన పెట్టింది.

“నువ్వు తెచ్చింది మంచినీళ్లది కాదత్తా,” అంది. “రెండు డబ్బాలూ ఒకే రంగు. కంగారులో నీకు తెలీలేదు. నువ్వు పోసింది గుల్లల డబ్బాలో నీళ్లు. ఉప్పునీళ్లే.”

ముసలామె నా వైపు తిరిగింది. “సిహాబా, నువ్వున్నావు కదా ఆ రోజు.”

“ఉన్నాను పెద్దమ్మా. ఉప్పునీళ్లే,” అన్నాను.

“గుల్లలు కూడా పడ్డాయా పిల్ల మీద?”

పడ్డాయి అన్నాం ఇద్దరం.

“ఏం గుల్లలు?”

ఆల్చిప్పలు అంది కజీజా అక్క. అదే క్షణంలో నా నోట్లోంచి నత్తగుల్లలు అని వచ్చింది.

బయట కోడి గీరుకుంటున్న చప్పుడు వినబడింది. కిడావా పెద్దమ్మ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకుంది.

“సరేలే,” అంది. “పొద్దుట్నించీ నాకు చాకిరీ చేస్తున్నారు. వెళ్లి ఏదైనా తినండి ఇద్దరూ.”

వంటింట్లో మేము ఏమీ తినలేదు. పొయ్యి పక్కన కూర్చున్నాం. అత్తకు ఎంత కాలంగా తెలుసో అని కజీజా అక్క అంది. కాసేపటికి ఆమె లేచి అత్త దగ్గరకు వెళ్లి, మంచం పక్క నేల మీద పడుకుని, ముసలామె చెయ్యి తన తల మీద పెట్టుకుంది. నేను గుమ్మం దగ్గరే ఆగి తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. మూడో రోజు కిడావా పెద్దమ్మ పోయింది. మచానో పెంబా నుంచి వచ్చేసరికి ఖననం అయిపోయింది. అతడు తల్లి గదిలో ఒక పూట కూర్చుని, కజీజా అక్క పెట్టిన టీ తాగి, తిరిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కజీజా అక్క పదకొండేళ్లు బతికింది, ఒంటరిగానే. ఆ ఏళ్లలో మా నీళ్లు బాగా వేడెక్కాయి. ఒడ్డుకు దగ్గరగా కట్టిన నాచు తెల్లబడి కుళ్లి రాలిపోయేది. ఈత వచ్చిన పడుచులు లోతుకు వెళ్లి కట్టుకున్నారు, మాలాంటివాళ్లం మానేశాం. పాఠం మాత్రం ఆమె మానలేదు. కాళ్లు వాచి నడవలేని ఏడు పిల్లలు ఆమెను బండి మీద కూర్చోబెట్టి మడచెట్ల దాకా తోసుకెళ్లారు. ఆమె సీసాతో నలుగురు పిల్లలకు మందు పడింది. నలుగురూ బతికారు. వాళ్లు తన వల్లే బతికారని ఎవరైనా అంటే, వాళ్లది చిన్న కాటులే అనేది.

ఆమె పోయిన రోజు ఒంటికి స్నానం చేయించిన నలుగురు ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. ముప్పై ఏళ్లలో ఆమెను నిండుగా బట్టలతో తప్ప చూడలేదు. మెడ కింది నుంచి ఎద మీదుగా, భుజాల లోపలి వైపు దాకా, గోధుమరంగు గీతలు అడ్డదిడ్డంగా పరుచుకుని ఉన్నాయి. ఏమిటివి అని ఒకామె అడిగింది. రాయాను ఎత్తుకుని ఒడ్డుకు పరుగెత్తినప్పుడు పడినవి. పిల్ల ఒంటి మీది తీగలు తల్లికీ తగిలాయి. ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ, తనకు నొప్పి అని ఆమె ఎవరితోనూ అనలేదు.

కర్పూరం కలిపిన నీళ్లు ఆ గీతల మీద నెమ్మదిగా పోసి, తెల్లబట్ట చుట్టాం.